మొదటి సంచిక

గిరావీన్‌లో చదువుకోవడానికి పరాయి దేశం వచ్చిన ఆరుగురు విద్యార్థులు సర్దుకుని ఉండే ఇంట్లో ఇమ్మానుయేలు పరుపు కింద మంచం లేదు, పత్రికలున్నాయి. మజిల్ కార్లని పిలిచే పెద్ద ఇంజన్ల పాతకాలపు కార్ల పత్రిక అది. జనం వీధిలో పారేసిన సామాన్లలోంచి ఏరుకొచ్చి, అది మూతపడిన ఏడు దాకా వచ్చిన సంచికలు పోగేశాడు. ఏ సంపాదకుడు ఎందుకు మానేశాడో, ఏ ఏడు కాగితం పలచబడిందో, ఉత్తరాల పేజీలో ఎవరెవరు తిట్టుకున్నారో నోటికి చెబుతాడు. అసైన్‌మెంట్ తేదీలే గుర్తుండవు. "లైసెన్సు లేదు, సైకిలన్నా లేదు. నీకెందుకురా ఈ పురాణం?" అంటాడు గదిలో ఉండే పండు. ఇమ్మానుయేలు బెంగ ఒకటే: మొదటి సంచిక లేదు. మొదలు లేని చరిత్ర చరిత్రేనా?

చివరికి అది కెల్లీవిల్‌లో స్టీవ్ అనే ముసలాయన దగ్గర దొరికింది. "ఊరికే ఇస్తాను, ముందు నా కారులో ఒక చుట్టు తిరగాలి" అన్నాడాయన. ఇమ్మానుయేలు చర్చి గుమ్మం దగ్గరలాగే బూట్లు బయట విడిచి కారెక్కాడు. ఇంజన్ గర్జించగానే కళ్లు మూసుకున్నాడు. "స్లో అంకుల్, ప్రభువా, స్లో!" అంటూ వెళ్లి, అలాగే తిరిగొచ్చాడు. బూట్లు లేవు. స్టీవ్ ఇంటి ముందు పారేసిన సామాన్ల కుప్ప పక్కన విడవడంతో ఎవరో ఏరుకుపోయారు. అతను వాటికోసం వెతకనైనా లేదు. సంచికను చొక్కాలో దోపుకుని, వట్టి కాళ్లతో రెండు బస్సులు మారాడు.

"ఇంతకీ కారెలా ఉందిరా?" అన్నాడు పండు, ఆ కాళ్లకేసి చూస్తూ.

ఇమ్మానుయేలు మొదటి సంచికలో అదే రకం కారు గురించిన పన్నెండో పేజీ తెరిచాడు.

"ఇదిగో, రాశారు. చదువుకో."