వాన నీళ్ళ ఎరుపు

నా భార్య ఈ వేసవిలో పోయింది. పొద్దున కాఫీ తాగి అల్లిక బుట్ట ముందేసుకుని కూర్చుంది. కాసేపటికి నేను పేపరు ఇవ్వబోతే చెయ్యి చాపలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నానికి విజయనగరంలో నాటకాలాడే వాళ్ళంతా ఇంటికి వచ్చారు. గజపతినగరం నాటక సమాజం వాళ్ళు కూడా వచ్చారు.

మీలో చాలామంది ఆమె పని చూసే ఉంటారు, ఆమెను చూసి ఉండరు. చారిత్రక నాటకాల్లో రాజు అంగీకి, రాణి పవిటకి, సేనాపతి నడికట్టుకి ఉండే అంచులూ కుచ్చులూ ఆమె చేసేది. పొందూరు నూలు తెప్పించి రెండు వేళ్ళ వెడల్పున పట్టీలు అల్లేది. మంజిష్ఠ వేరుతో ఎరుపు, దానిమ్మ తొక్కతో పసుపు వేసేది. బజారులో మెరిసే లేసులు దొరుకుతుంటే ఎందుకీ శ్రమ అని పెళ్ళయిన కొత్తలో అడిగాను.

"అయ్యి కడితే రాజు కాడండీ, పెళ్ళికొడుకు అవుతాడు" అంది.

పాత అంచు ఎక్కడ కనబడినా వదిలేది కాదు. ఒకసారి కళింగపట్నం వెళ్ళాం. నేను స్నానం చేసి వచ్చి సముద్రం చూస్తున్నాను. ఆమె, చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ తలమీది చుట్టకుదురును చూస్తోంది. అది ఏదో పాత పట్టుచీర అంచు. నా తువ్వాలు ఆ ముసలమ్మకి ఇచ్చేసి అది అడిగింది.

"ఒద్దమ్మా, సేపల కంపు కొడతాది."

"నాటకంలో కంపు అవుపడదు కదే అప్పా."

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. నేను తడి తలతో బస్సెక్కాను. ఆ అంచు ఇప్పటికీ బిస్కెట్ల డబ్బాలో ఉంది. మూత తీస్తే సన్నగా సముద్రం వాసన వస్తుంది.

ఈ పనిలో నాకొక ఉద్యోగం ఉండేది. పట్టీకి రంగు వేసి ఆరాక, ఆమె దాన్ని పట్టుకుని వాకిట్లో నిలబడేది. నేను వీధి చివర కరెంటు స్తంభం దాకా నడిచి, వెనక్కి తిరిగి చూడాలి. రంగు తెలిస్తే చెయ్యెత్తాలి. నేను చెయ్యెత్తగానే ఆమె లోపలికి వెళ్ళిపోయేది, కుట్టుకోవడానికి. నేను తిరిగొచ్చేదాకా ఆగేది కాదు. "ముందు వరసలోవోడు ఎలాగూ సూస్తాడు. ఆకరి వరసలో కూసున్నోడు కూడా టిక్కెట్టు కొనుక్కునే వస్తాడు కదండీ" అనేది.

ఒకసారి ఎండకు విసుగొచ్చి, సగం దూరంలోనే, సరిగ్గా చూడకుండా చెయ్యెత్తేశాను. ఆ నాటకానికి ఇద్దరం వెళ్ళాం. ఆఖరి వరస నుంచి రాజు అంగీకి అంచు ఉన్నట్టే తెలియలేదు. ఆమె మర్నాడు మళ్ళీ రంగు వేసి, వాకిట్లో నిలబడి, "ఈసారి సూసి ఎత్తండి" అంది. ఆ తర్వాత ఎప్పుడూ చూడకుండా ఎత్తలేదు.

ఆమె ఎరుపుకి వాన నీళ్ళు కావాలి. మా కుళాయి నీళ్ళలో తుప్పు ఉంది, అందులో మంజిష్ఠ గోధుమరంగుకి దిగిపోతుంది. అందుకని చూరు కింద మూడు గోలేలు పెట్టి నీళ్ళు పట్టేది. మొదటి వాన నీళ్ళు ముట్టేది కాదు. "అది కప్పు కడుక్కోడానికి. రెండోది మనకి" అనేది. వసారాలో ఆ గోలేలు కాలికి తగులుతాయని నేను ఏళ్ళ తరబడి సణిగాను.

ఆమెను తీసుకెళ్ళాక బంధువులు ఇల్లు కడిగారు. ఇంట్లో నిలవ నీళ్ళన్నీ పారబోయడం ఆచారం. వాళ్ళ తప్పేమీ లేదు. నేను శ్మశానం నుంచి వచ్చేసరికి మూడు గోలేలూ బోర్లించి ఉన్నాయి. నా మనసులో మొదట మెదిలింది ఆ నీళ్ళే. ఎవరికీ చెప్పలేదు.

బుట్టలో ఆమె ఆఖరి పట్టీ ఉంది. గజపతినగరం వాళ్ళ రాజు అంగీకి అంచు అది. ముప్పావు భాగం ముందే ఎరుపు వేసి, అంగీకి కుట్టి ఇచ్చేసింది. మిగిలిన రెండు మూరలూ అల్లిక పూర్తయింది, రంగు వెయ్యలేదు. పెద్దకర్మ అయ్యాక ఆ సమాజం పెద్ద వచ్చాడు. ఆమెను అక్కా అని పిలిచేవాడు. తెల్ల పట్టీని చేతిలోకి తీసుకున్నాడు.

"కుళాయి నీళ్ళతో కానిచ్చీండి మేస్టారూ. దూరం నుంచి ఎవలికి తెలుస్తాది?"

"దూరం నుంచి చూసేది నేనే కదయ్యా" అన్నాను.

అతను పట్టీని బుట్టలో పెట్టేశాడు. నాటకం వానల తర్వాతే పెట్టుకుంటామని చెప్పి వెళ్ళాడు.

మృగశిరలో మొదటి వాన వచ్చింది. గోలేలు బోర్లించే ఉంచాను. నాలుగు రోజులకు రెండోది వచ్చింది. మూడూ తిప్పి చూరు కింద పెట్టాను. వేరు ఎంత, పటిక ఎంత అన్నది ఆమె ఎక్కడా రాసిపెట్టలేదు. ఇన్నేళ్ళు పక్కన నిలబడి చూసినదాన్ని బట్టి వేశాను. రెండుసార్లు ముంచి ఆరబెట్టాను.

మర్నాడు ఉదయం పట్టీని వాకిలి గడియకు తగిలించి, స్తంభం దాకా నడిచాను. పక్కింటావిడ ముగ్గు వేస్తూ చూసింది. వెనక్కి తిరిగాను. ఈసారి బాగా చూశాను. ఎరుపు తెలుస్తోంది.

చెయ్యెత్తాను.

పట్టీ లోపలికి వెళ్ళలేదు. వాకిట్లో గాలికి కదులుతూ అక్కడే ఉంది.