గుడారానికి తలంటు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఒకటి ఉండేది కాదు. ముప్పై అయిదు దాటాక ఒక్కొక్కటే తెలియకుండా పోతున్నాయి గానీ, ఇరవై మూడేళ్ళ వయసులో, డిగ్రీ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టుకుని అమలాపురంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో, నాకు ఎవరైనా ఏదైనా చెప్పబోతే సగంలోనే "తెలుసండీ" అనేసేదాన్ని. (ఆ ఒక్క మాట వల్ల నేను పడ్డ పాట్లు రాస్తే ఒక పుస్తకం అవుతుంది. ఇక్కడ చెప్పేది గుడారం సంగతి ఒక్కటే.)

మా స్కూల్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరికీ అక్కర్లేని పని ఏదైనా కొత్తగా చేరినవాళ్ళ మెడకి చుట్టుకునేది. అలా గైడ్సు (ఆడపిల్లల స్కౌట్సన్నమాట) పిల్లలు నాకు దక్కారు. నాకు ముందున్న టీచరుగారు వాళ్ళకి వందనం చెయ్యడం, తాళ్ళకి ముడులు వెయ్యడం నేర్పి బదిలీ అయిపోయారు. నేను చేరిన రెండో వారంలోనే పిల్లల ముందు నిలబడి, మనం మూడు రోజులు బయట గుడారం వేసుకుని ఉండబోతున్నాం అని ప్రకటించేశాను. తరవాత వెళ్ళి మా హెడ్‌మిస్ట్రెస్‌గారికి చెప్పాను. ఆవిడని అందరం పెద్దమేడంగారు అనేవాళ్ళం. సన్నగా, నెమ్మదిగా ఉండేవారు. ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు. అద్దాల మీంచి నన్ను కాసేపు చూసి, ప్రతి పిల్ల తల్లీ ఒప్పుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నారు. అది కుదిరేపని కాదని ఆవిడ ధీమా అని ఇప్పుడు అర్థమవుతోంది.

పదహారు మంది పిల్లలు. పదిహేను మంది తల్లుల్ని వారంలో ఒప్పించాను. పదహారో ఆవిడ కొబ్బరిపీచు మిల్లులో పనిచేసేది. పని మధ్యలో వచ్చిందేమో, చీర అంచుకి పీచు అంటుకునే ఉంది. పిల్ల హుషారైనదేనట, గుడారం అంటే ఎగిరి గంతేస్తోందట, కానీ దానికి ఆయాసం ఉందట.

"తడిసిందంటే రెండ్రోజులు ఊపిరాడదండి," అంది. "తడవకుండా చూస్తానంటే పంపుతానండి."

"చుక్క నీరు పడదండీ. పూచీ నాది," అన్నాను. ఏ గుడారం తరఫున పూచీ పడ్డానో ఆ గుడారం అప్పటికింకా కొనలేదు.

గుడారాల మీద నా పాండిత్యమంతా ఫోనులో చూసిన వీడియోలది. గడ్డాలు పెంచిన విదేశీయులు మంచుకొండల మీద గుడారాలు వేసుకుని అందులో కాఫీ కాచుకునేవాళ్ళు. వాటిని చూసి నైలాను గుడారంలో ఉక్కపోస్తుందనీ, కాన్వాసు గుడ్డయితే గాలి ఆడుతుందనీ, తడిస్తే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయనీ నేర్చుకున్నాను. అది నిజమే. సగం నిజం తెలిసినవాళ్ళంత ప్రమాదకరమైనవాళ్ళు ఇంకెవరూ ఉండరని మాత్రం ఆ వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ధాన్యం మీద, లారీల మీద కప్పే బరకాలు కుట్టే మేస్త్రిగారు ఒకాయన ఉంటే ఆయన దగ్గరికి వెళ్ళి, చూపుడువేలుతో గుడ్డని గీకుతూ, దీని అల్లిక ఎలాంటిది, కుట్టు ఒంటిదా జంటదా అని ఇన్‌స్పెక్టరులా ప్రశ్నలు వేశాను. ఆయనకి అరవై పైనే ఉంటాయి. ప్రతి ప్రశ్నకీ "ఆయ్" అని ఓపిగ్గా జవాబిచ్చారు. నా కన్ను తెల్లగా, తేలిగ్గా ఉన్న గుడ్డ మీద పడింది (ఫోటోల్లో బాగుంటుందని). ఆయన మాత్రం ఖాకీ రంగులో ఉన్న మోటుగుడ్డ లాగి నా ముందు పడేశారు.

"ఇది బరువండీ. మొయ్యడం కష్టం గానీ వానకి నిలబడతాదండీ. ఆ తెల్లది పెళ్ళిపందిరికి బాగుంటాదండీ."

అక్కడ మాత్రం దేవుడు నా నోరు మూయించాడు. ఖాకీదే తీసుకున్నాను. ఇల్లులా రెండు వాలులతో, పదహారు మందీ పట్టేలా కుట్టి ఇచ్చారు. ఇస్తూ జాగ్రత్తలన్నీ చెప్పారు. మొదట ఒకసారి నీళ్ళతో తడిపి ఆరబెట్టాలి. వాన పడుతున్నప్పుడు లోపలినించి గుడ్డని ముట్టుకోకూడదు. తాళ్ళు తడిస్తే బిగుసుకుంటాయి కాబట్టి కాస్త వదులు చెయ్యాలి. ఒక్క చెమ్మ ఉన్నా మడత పెట్టకూడదు. ప్రతిదానికీ నేను "తెలుసండీ" అంటూనే ఉన్నాను. చివరికి ఆయన నా మొహంలోకి చూసి, "ఒక్కటి మాత్రం గుర్తెట్టుకోండమ్మా. దానికి సబ్బు చూపించకండి," అన్నారు.

గుడారాన్ని మా మేనత్తగారింటికి తెచ్చాను. అప్పట్లో ఆవిడ దగ్గరే ఉండేదాన్ని. మైనం, కిరసనాయిలు కలిపి పట్టించిన గుడ్డ కాబట్టి గంటలో ఇల్లంతా ఆ వాసన కమ్మేసింది. "ఇంట్లో లారీ కట్టేసుకున్నట్టుందే, అమ్మడూ," అంది అత్త. ఆయాసం ఉన్న పిల్లని ఈ వాసనలో ఎలా పడుకోబెడతావంది. అది నిజంగానే నా మనసులో గుచ్చుకుంది. మేస్త్రిగారు సబ్బు వద్దన్నది చవకరకం బట్టలసబ్బు గురించి అయి ఉంటుందని నాకు నేనే వ్యాఖ్యానం చెప్పుకుని, గుడారాన్ని మేడ మీదకి ఈడ్పించి, రెండు ప్యాకెట్ల ఖరీదైన సబ్బుపొడి కుమ్మరించాను. అత్త సలహా మీద కుంకుడుకాయ రసం కూడా కలిపాను. నేల తోమే బ్రష్షుతో ఒక పూటంతా తోమితే తెల్లటి నీళ్ళు పాలలా కారాయి. ఎంత మురికి వదిలిపోతోందో అని మురిసిపోయాను. (జిడ్డుని సబ్బు ఎలా వదలగొడుతుందో ఆ వారమే ఎనిమిదో తరగతికి బొమ్మలు వేసి మరీ పాఠం చెప్పాను. ఆ కారేది మురికి కాదనీ, వానని ఆపే మైనమనీ ఆ టీచరుకి తట్టలేదు.) చివర్లో జాజిపూల వాసన వచ్చే ద్రవం ఏదో కలిపి జాడించి ఆరేశాను. ఎలాగూ తడిసింది కాబట్టి మేస్త్రిగారు చెప్పిన తడపడం కూడా అయిపోయిందని లెక్కేసుకున్నాను.

ఆగస్టులో ఒక శుక్రవారం ముమ్మిడివరం అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక కొబ్బరితోటకి బయలుదేరాం. తోట మధ్యలో నీడ చూసి ఇక్కడ వేద్దామన్నాను. పదహారు మందీ తలలెత్తి పైకి చూశారు. కోనసీమ పిల్లలు కదా, కాయలున్న చెట్టు కింద ఎవరూ పడుకోరని టీచరుకి చెప్పడానికి మొహమాటపడి అలా చూశారన్నమాట. సిగ్గుపడి, తోట అంచున ఇసకనేలలో వేయించాను. పిల్లలు ముడులు చక్కగా వేశారు. తాళ్ళు తీగల్లా మోగేలా బిగించారు. మూడున్నరకి పెద్దమేడంగారు చూసిపోదామని ఆటోలో వచ్చారు. గుడారం మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆవిడ అలా కూర్చున్నారో లేదో వాన మొదలైంది.

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. లేచి నిలబడి, నూలు ఎలా ఉబ్బుతుందో, సందులు ఎలా మూసుకుంటాయో ఉపన్యాసం మొదలుపెట్టాను. "ఇలా మాత్రం ఎప్పుడూ ముట్టుకోకూడదు," అంటూ ఎలా ముట్టుకోకూడదో వేలితో ముట్టుకుని మరీ చూపించాను. వేలు పెట్టిన చోటినించి ధార కట్టింది. పెద్దమేడంగారు కుర్చీ జానెడు పక్కకి జరుపుకున్నారు. అక్కడ ఇంకో చుక్క. ఇంకో జానెడు జరిగారు. నేను వేలు పెట్టని చోట్ల కూడా కారడం మొదలై, అయిదు నిమిషాల్లో లోపలా బయటా ఒకటే వాన అయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ ఆయాసం పిల్ల. అందరూ తోటవాళ్ళ షెడ్డులోకి పరిగెత్తండని అరిచాను. పిల్లలు క్షణంలో మాయమయ్యారు. పెద్దమేడంగారు చీర కుచ్చిళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేస్తున్నారు. తడిసి బిగుసుకున్న తాళ్ళు ఇసకలోంచి మేకుల్ని ఒక్కొక్కటే పెరికేశాయి. గుడారం తొందరేమీ లేకుండా, అలిసిపోయిన మనిషిలా, మా ఇద్దరి మీదా కూర్చుంది.

చీకట్లో, ఆ బరువు కింద, ఇద్దరం చేతుల మీద పాకుతున్నాం. కాసేపటికి ఆవిడ గొంతు వినిపించింది.

"మంచి వాసనొస్తోందండీ."

"సబ్బు పెట్టి ఉతికానండీ," అన్నాను. నేరస్థులు నిజం ఒప్పుకోవడానికి తడిసిన కాన్వాసు కప్పితే చాలు.

బయటపడి షెడ్డు వైపు పరిగెత్తాను. వలిచిన కొబ్బరికాయల గుట్ట పక్కన పిల్లలందరూ జుట్టు పిండుకుంటున్నారు. ఆ పిల్ల మాత్రం పొడిగా ఉంది. తల మీంచి మోకాళ్ళదాకా పెద్ద ప్లాస్టిక్ కవరు, ఎరువుల బస్తా లోపల ఉండేది, ముసుగులా కత్తిరించింది వేసుకుని బుద్ధిగా కూర్చుంది.

"మా అమ్మ ఇచ్చిందండీ," అంది. "మేడంగారికి చూపించొద్దందండీ, ఏమన్నా అనుకుంటారని."

ఆ సాయంత్రమే అందర్నీ ఇళ్ళకి చేర్చాం. సోమవారం ఉద్యోగం ఊడుతుందనే అనుకుని పెద్దమేడంగారి గదిలోకి వెళ్ళాను. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. సబ్బు సంగతి మాత్రం ఆ తల్లికి నేనే వెళ్ళి చెప్పాలన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది. రెండు రోజులు తాత్సారం చేసి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో స్టూలు వేసి, చెంగుతో తుడిచి, కూర్చోమంది. పూచీ పడ్డ మాట, ఉతికిన మాట, కూలిన మాట మొత్తం చెప్పాను. చివరిదాకా వింది.

"టెంటు సంగతి నాకు తెలదండి," అంది. "వాన సంగతి తెలుసండి. అందుకే కవరెట్టేను." ఆ వెంటనే, "మళ్ళీ ఎప్పుడెళ్తారండీ? పిల్ల రోజూ అడుగుతోంది," అంది.

ఈ హడావిడిలో గుడారాన్ని తడిగానే మడిచి సైన్సు గదిలో కుక్కేశానని వారానికి గుర్తొచ్చింది. విప్పి చూస్తే నల్లటి బూజుచుక్కలు. దాన్ని ఆటోలో వేసుకుని మేస్త్రిగారి ముందు పెట్టాను. ఆయన గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"సబ్బు చూపించేరాండీ?"

"కొంచెమండీ."

"ఎంతండీ?"

"రెండు ప్యాకెట్లు. కుంకుడుకాయలు కూడానండీ."

ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. "తలంటు పోసేరన్నమాట," అన్నారు. అని, మిషను మీద పని వదిలేసి లేచారు.

బాగుచేసి ఇస్తారనుకున్నాను. ఎలా బాగుచెయ్యాలో చూపించి నాచేతే చేయించారు. నాలుగు ఆదివారాలు, ప్రార్థన అయిపోగానే చర్చి చీరతోనే ఆయన షాపు వెనక ఖాళీస్థలంలో ప్రత్యక్షమయ్యేదాన్ని. ఎండలో పరిచి, పొడి బ్రష్షుతో బూజు దులిపి, మంచినీళ్ళతో జాడించి, పూర్తిగా ఆరాక ఆయన కలిపిచ్చిన మైనం కుట్లకి రెండుసార్లు, గుడ్డకి ఒకసారి పట్టించాను. చేతులకి పట్టిన ఆ వాసన అన్నం తింటుంటే కూడా వచ్చేది. అత్త నన్ను వాకిట్లోనే ఆపేసేది. నాలుగో ఆదివారం మేస్త్రిగారు చెంబుడు నీళ్ళు గుడ్డ మీద పోశారు. నీళ్ళు తామరాకు మీదలా ముత్యాలై జారిపోయాయి. నేను ఏడ్చాను. గుడారం చూసి ఏడ్చినవాళ్ళని ఆయన అంతకుముందు చూసి ఉండరు. అటు తిరిగి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నారు.

దసరా సెలవులకి ముందు మళ్ళీ అదే తోటకి, అదే పదహారు మందితో వెళ్ళాం. ఈసారి మేకులు పొడుగువి, తాళ్ళు నా చేత్తో సరిచూసినవి. పెద్దమేడంగారు మళ్ళీ వచ్చారు. వాన కోసం నేను చేసినంత ప్రార్థన ఆ సంవత్సరం జిల్లాలో ఏ రైతూ చేసి ఉండడు. ఒక్క చుక్క పడలేదు. మూడు రోజులూ నిప్పులు చెరిగే ఎండ. పిల్లలు ఇసకలో పరుగులు పెట్టారు, పాటలు పాడారు, కొబ్బరిబొండాలు తాగారు. గుడారంలో బట్టలు మార్చుకోవడానికి తప్ప ఎవరూ అడుగుపెట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం పడమటి వైపు అరచేతంత మబ్బు ఒకటి కనిపిస్తే, నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్ళి, చెమటలు కారుతుండగా, మైనం వాసనలో, పైకప్పుకేసి చూస్తూ కూర్చున్నాను. మబ్బు సముద్రం మీదకి వెళ్ళిపోయింది. నేను ఇంకో గంట కూర్చున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ గుడారం తలుపు పక్కకి తీసి, ఎర్రగా కందిపోయిన మొహంతో కూర్చున్న ఆ ఇరవై మూడేళ్ళ టీచరమ్మాయికి ఒక బొండాం కొట్టించి ఇచ్చి, బయటికి రా అమ్మడూ, పిల్లలు ఆడుకుంటున్నారు, చూద్దువుగాని అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వచ్చేది కాదనుకోండి.