తిరుగు దారి డీజిలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో లెక్క ఏదైనా నా దగ్గరికే వచ్చేది. మా నాయన గద్వాలలో చీరలు నేసేవాడు. పోగు ఎక్కడ తెగిందో కళ్లు మూసుకుని వేలితో చెప్పగలడు గానీ, కాగితం మీద అంకెలు కనబడితే మాత్రం నా వైపు చూసేవాడు. నేనప్పుడు ఏడో తరగతి. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే పిల్లనని వీధిలో అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి నాకు ఇంకా బాగా తెలుసు.

ఆ ఏడు మగ్గం పని బాగా తగ్గిపోయింది. నెలకు రెండు చీరలకు సరిపడా నూలు కూడా ఇచ్చేవాళ్లు లేరు. అచ్చంపేటలో మా మేనత్తకు చిన్న బట్టల దుకాణం ఉండేది. వెనక గది ఖాళీగా ఉంది, మగ్గం తెచ్చి వేసుకో, నేసిన చీర నా దుకాణంలోనే అమ్మకానికి పెడదాం అని ఆమె కబురు పంపింది. నాయన రెండు నెలలు ఆలోచించి సరేనన్నాడు. కానీ ఒక్క పట్టుదల పెట్టుకున్నాడు. అక్క నీడకు పోతున్నాం, పోయేటప్పుడైనా ఆమెను ఒక్క రూపాయి అడగకుండా మన ఖర్చుతో మనం పోవాలని. ఆ మాట ఆయన అమ్మతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

సామాను తరలించడానికి చిన్న లారీలాంటి డీసీఎం బండి మాట్లాడాడు. బండి యజమానీ డ్రైవరూ ఒక్కడే, అరవై ఏళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్లజోడు ఒక పక్క పుల్ల ఊడిపోతే దారంతో చెవికి కట్టుకున్నాడు. నేను డ్రైవర్ తాత అనేదాన్ని. ఆయన ఒప్పందం సూటిగా ఉంది. బండికీ తనకూ కలిపి ఇంత కిరాయి, డీజిలు మాత్రం సామాను వాళ్లదే. డీజిలుకు ఎంతవుతుందో నాయనకు అంతుపట్టలేదు. పక్కింటాయన వెయ్యికి పైనే పెట్టుకోమన్నాడు. నాయన పన్నెండు వందలు విడిగా మూటకట్టి పెట్టాడు.

నేను ఊరుకోలేదు. బస్టాండుకు పోయి అడిగి, గద్వాల నుంచి వనపర్తి, బిజినేపల్లి, నాగర్‌కర్నూలు మీదుగా అచ్చంపేటకు దాదాపు నూట నలభై కిలోమీటర్లని తేల్చాను. ఇప్పుడు ఈ దారి మూడు జిల్లాల్లో పోతుంది గానీ అప్పుడు అంతా ఒకటే జిల్లా. తర్వాత డ్రైవర్ తాత బండి కడుగుతుంటే పోయి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అడిగాను.

"ఖాళీగ పోతే పది ఇస్తది బిడ్డా" అన్నాడు.

నాకు పది వినబడింది. దాని ముందరి మాట వినబడలేదు. నూట నలభైని పదితో భాగిస్తే పద్నాలుగు. పద్నాలుగు లీటర్లు, లీటరు ముప్పై చిల్లర. నాలుగు వందల యాభైకి మించదని నోటుబుక్కులో రాసి, కింద రెండు గీతలు గీసి నాయనకు చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పక్కింటాయనకు ఏం తెలుసు, మా బిడ్డ లెక్క అన్నాడు. మిగులుతుందనుకున్న డబ్బుతో అక్క ఇంటికి ఉత్త చేతులతో పోవడమెందుకని ఒక స్టీలు బిందె కొన్నాడు. నాకు చేతి గడియారం కొన్నాడు. అది నా లెక్కకు బహుమానమట.

బయల్దేరే రోజు పొద్దున్నే మగ్గం విప్పారు. మాది గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం. గుంటను తీసుకుపోలేం కాబట్టి పైనున్న కట్టెలన్నీ విప్పి బండిలో పేర్చారు. బియ్యం బస్తాలు, ఇనుప పెట్టెలు, మంచం, రుబ్బురోలు, అన్నీ ఎక్కాయి. అమ్మ మా తమ్ముణ్ని తీసుకుని ముందు రోజే బస్సులో వెళ్లింది. బండి ముందు సీట్లో డ్రైవర్ తాత, నేను, నాయన.

పెట్రోలు పంపు దగ్గర డ్రైవర్ తాత సీటు కింద నుంచి ఒక కర్ర తీశాడు. దానికి కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి. బండిలో డీజిలు ముల్లు పనిచేయదు, ఆ కర్రను ట్యాంకులో ముంచి ఎంతవరకు తడిసిందో చూసుకోవాలి. ఒక్కో గాటు ఐదు లీటర్లు. ముందు ముంచితే ట్యాంకు దాదాపు ఒట్టిగా ఉంది. ఇరవై ఐదు పోయించమని తాత అన్నాడు. నేను పద్నాలుగు చాలన్నాను. ఆయన నా వైపు ఒకసారి, నాయన వైపు ఒకసారి చూశాడు.

"మా బిడ్డ లెక్క ఎన్నడు తప్పు పోదు పెద్దాయనా. నూటికి నూరు మార్కులు దానికి" అన్నాడు నాయన. పంపు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. అందరికీ వినబడేలా, మురిసిపోతూ అన్నాడు.

తాత సరేనని తల ఊపాడు. పద్నాలుగే పోయించాడు. మళ్లీ కర్ర ముంచి మాకు చూపించాడు. మూడో గాటుకు వేలి మందం కింద వరకు తడిసింది.

బండి నిదానంగా నడిచింది. బీచుపల్లి వంతెన మీద నాయన కృష్ణలోకి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకున్నాడు. నేను పది నిమిషాలకోసారి గడియారం చూసుకుంటూ, కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. పెబ్బేరు దాటి వనపర్తి ఊరి మొదట్లోకి వచ్చాక తాత బండి పక్కకు ఆపి, చాయ్ తాగి రమ్మని నాయనకు చెప్పాడు. నాయన రోడ్డు అవతల హోటలుకు పోయాడు. నేను సీట్లోనే ఉన్నాను.

పక్కనున్న అద్దంలో తాత కనబడ్డాడు. సామాను సందులోంచి ఒక తెల్ల డబ్బా తీసి బండి అంచు మీద పెట్టాడు. ట్యాంకు మూత తిప్పాడు. ఒక రబ్బరు పైపు కొస ట్యాంకులో పెట్టాడు, ఇంకో కొస డబ్బాలో ఉంది. డ్రైవర్లు డీజిలు గుంజి అమ్ముకుంటారని మా వీధిలో పెద్దవాళ్లు చెప్పుకోగా విని ఉన్నాను. నేను సీట్లో ముందుకు జరిగి అద్దంలోకి వంగాను. భయంతో కాదు, కనిపెట్టేశానన్న సంబరంతో. డబ్బా పైన ఉంది, ట్యాంకు కింద ఉంది. నీళ్లయినా నూనెయినా పైనుంచి కిందికే పారుతుందని సైన్సులో చదువుకున్నదాన్నే. అద్దంలో అది స్పష్టంగా కనబడుతూనే ఉంది. కానీ నేను దొంగను చూడాలనుకున్నాను, దొంగనే చూశాను.

దిగి రోడ్డు దాటి పరుగెత్తాను. హోటల్లో అందరి ముందు, "నాయనా, తాత మన డీజిల్ గుంజుకుంటుండు" అని అరిచాను.

నాయన మెత్తని మనిషి. గట్టిగా మాట్లాడగా నేను చూసింది తక్కువ. ఆ రోజు చాయ్ గ్లాసు పక్కన పెట్టి, పెద్ద పెద్ద అడుగులు వేసుకుంటూ వచ్చి, డబ్బా మూత బిగిస్తున్న ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. "పెద్దమనిషివని నమ్మిన. పేదోళ్ల డీజిల్ గుంజుకుంటవా? గిదేం పని?" అన్నాడు. హోటల్లో వాళ్లు వెంట వచ్చి చుట్టూ మూగారు. గుంజులాటలో దారం తెగి తాత కళ్లజోడు ఒక చెవికి వేలాడింది.

తాత చేయి విదిలించుకోలేదు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. సీటు కింద నుంచి కర్ర తీసి, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు.

"నువ్వే కొలువు బిడ్డా. మీ నాయనకు నీ మాట మీద నమ్మకం."

ముంచి తీశాను. మూడో గాటుకు కొంచెం కింద దాకా తడిసింది. గద్వాలలో ఎక్కడ తడిసిందో అక్కడే. అరవై కిలోమీటర్లు నడిచిన బండి చుక్క డీజిలు తాగనట్టుంది. నాకు అర్థమైంది. ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైంది. ఆయన తీయలేదు, పోశాడు. తన డబ్బాలోది పోశాడు.

అక్కడ నేను చేసిన పని ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. అర్థమయ్యాక కూడా నేను కర్రను పావడాకు తుడిచేసి, "సరిగ్గ కనబడ్తలేదు నాయనా" అన్నాను. అబద్ధం చెప్పాను. ఎవరో ఒకరు గొడవ ఆపేస్తే, నా లెక్క సంగతి బయటపడకుండా బండి కదిలిపోతే బాగుండునని అనుకున్నాను. నాయన చేయి ఇంకా ఆయన చొక్కా మీదే ఉంది.

తాత నన్నే చూస్తున్నాడు. కోపం లేదు. పిల్ల నడక నేర్చుకుంటుంటే చూసినట్టు చూస్తున్నాడు.

"ఏం కాదు. జర నిమ్మళంగ ఇంకోసారి పెట్టు" అన్నాడు.

రెండోసారి ముంచాను. కర్రను నాయన ముందు పట్టుకుని, "గద్వాలల ఉన్నంతే ఉంది" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకాయన, "బండి నీళ్లతోని నడుస్తుందా ఏంది?" అని నవ్వాడు. నాయన నవ్వలేదు. చేయి వదిలేసి, ఖాళీ డబ్బా వైపు, కర్ర వైపు, నా వైపు చూశాడు. తర్వాత తాత రెండు చేతులూ పట్టుకుని తల వంచుకున్నాడు. "తప్పయింది పెద్దాయనా. ముందే చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్పాలె? పంపు కాడ నువ్వు గంత మురిసిపోతివి. పది మందిల పిల్లను చిన్నగ చెయ్యాల్నా? బిజినేపల్లి కూడ దాటకుంట బండి ఆగుతుండె. అందుకే నా దాంట్లకెల్లి పోసిన."

నా చొక్కా ఎవరో పట్టుకున్నట్టయింది నాకు. ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని, ఏడిస్తే తేలికయ్యేది.

బండి మళ్లీ కదిలింది. నేను గడియారం విప్పి సంచిలో వేసుకున్నాను. బిజినేపల్లి దగ్గర పడుతుండగా తాతే నోటుబుక్కు తీయమన్నాడు. ఖాళీ బండి అయితే పది, ఇప్పుడు మగ్గం ఉంది, బియ్యం ఉన్నాయి, రుబ్బురోలు ఉంది, ఇంత బరువుతో ఆరే ఇస్తుందన్నాడు. నూట నలభైని ఆరుతో భాగించాను. ఇరవై నాలుగుకు దగ్గర. ఆయన తల ఊపి, ఇంకేమైనా మరిచిపోయావా అని అడిగాడు. నేను భాగహారం మళ్లీ సరిచూసుకున్నాను. ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"మరి నేను అచ్చంపేటలనే ఉండిపోవాల్నా బిడ్డా? ఇంట్ల మా ముసల్ది చూస్తుంటది."

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు. నేను మా ఇంటిల్లిపాదినీ, మా సామానునంతా అచ్చంపేటకు చేర్చి, అక్కడ లెక్క ఆపేసి, కింద రెండు గీతలు గీశాను. మమ్మల్ని దింపిన మనిషి ఇంటికి ఎట్లా పోతాడన్నది నా లెక్కలో ఎక్కడా లేదు. తిరుగు దారికి ఇంకో పద్నాలుగు లీటర్లు. అన్నీ కలిపితే ముప్పై ఎనిమిది. పక్కింటాయన చెప్పిందే సరిగ్గా ఉంది.

నాగర్‌కర్నూలులో నాయన తన దగ్గర మిగిలిందంతా పెట్టి డీజిలు పోయించాడు. అయినా తక్కువే పడింది. మధ్యాహ్నం అచ్చంపేటలో మేనత్త గుమ్మం ముందు బండి దిగిన పది నిమిషాలకు, ఇంకా కాళ్లు కూడా కడుక్కోకుండా, నాయన ఆమెను పక్కకు పిలిచి డబ్బులు అడిగాడు. స్టీలు బిందె ఆయన చంకలోనే ఉంది. మేనత్త లోపలికి పోయి తెచ్చింది. మామ అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి చాలా ఏళ్లు మా నాయన ఆ ఇంట్లో తల కొంచెం వంచుకునే తిరిగాడు. కారణం అదొక్కటే కాకపోవచ్చు. కానీ నాకు మాత్రం అదొక్కటే.

తాత కిరాయీ, డీజిలూ లెక్కప్రకారం తీసుకున్నాడు. మేనత్త పైన ఇవ్వబోతే వద్దన్నాడు. అమ్మ బలవంతం చేస్తే నాలుగు ముద్దలు తిన్నాడు. కళ్లజోడుకు అమ్మ దగ్గరే కొత్త దారం అడిగి కట్టుకున్నాడు. బండి ఎక్కబోతూ, "బిడ్డ ఏది?" అని అడిగాడు. అమ్మ నన్ను రెండుసార్లు పిలిచింది. నేను వెనక గదిలో, విప్పిన మగ్గం కట్టెల పక్కన కూర్చుని ఉన్నాను. మాట వినబడింది. లేవలేదు. కాసేపటికి బండి చప్పుడు దూరమైంది.

ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి గద్వాలకు పోయి ఆయన కోసం అడిగాను. బండి అమ్మేశాడని, బిడ్డ దగ్గరికి రాయచూరు వైపు పోయాడని చెప్పారు. ఊరి పేరు ఎవరికీ సరిగ్గా తెలియదు. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండానే తిరిగి వచ్చాను.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూలులో బడిపిల్లలకు లెక్కలు చెబుతాను. చురుకైన పిల్లలు అందరికంటే ముందు జవాబు రాసి, కింద గీత గీసి పుస్తకం పట్టుకొస్తారు. వాళ్ల కళ్లలో ఆ మెరుపు చూస్తే నాకు ముచ్చట వేస్తుంది, లోపల కలుక్కుమంటుంది కూడా. సరిగ్గా ఉందనో తప్పనో చెప్పే ముందు, ఈ లెక్కలో ఎవరినైనా మరిచిపోయావేమో చూసుకొమ్మని వెనక్కి పంపుతాను. తప్పున్నా పదిమందిలో చెప్పను. ఒకవేళ తప్పు తెలిసి కూడా కప్పిపుచ్చబోతే, చూసీ చూడనట్టు ఇంకోసారి చేయమంటాను. రెండోసారి నిజం చెప్పే వీలు పిల్లలకు ఇవ్వాలని నాకు ఎవరు నేర్పారో వాళ్లకు తెలియదు. అంత మంచి మనిషిని నడిరోడ్డు మీద దొంగను చేసిన సిగ్గు మాత్రం నన్ను వదల్లేదు. ఈ వయసుకు అది పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు.