జిప్పు వదిన చెయ్యి

ఆవిడ అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. కార్ఖానాలో అందరికీ జిప్పు వదినే. పందొమ్మిదేళ్ళుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని, పళ్ళు బిగించిన పట్టీకి రన్నరు ఎక్కించి, రెండుసార్లు పైకీ కిందకీ లాగి చూడటం ఆవిడ పని. జిప్పులో లోపం ఉంటే ఆవిడకు చప్పుడు వింటేనే తెలిసిపోయేది.

మొదట ప్రపంచం వచ్చింది. అంటే, ఒక విదేశీ కంపెనీ కార్ఖానాను కొనేసింది. దాని ప్రతినిధి కోటు సర్దుకుంటూ వచ్చి, గోడకు భూగోళం బొమ్మ అంటించి, "మనమంతా ఒకే కుటుంబం" అన్నాడు. నెల తిరక్కుండా ఆ కుటుంబంలోంచి నలభైమందిని తీసేశారు. ఆ ఉత్తర్వు ఏడు భాషల్లో వచ్చింది. వాటిలో కార్ఖానావాళ్ళకు తెలిసిన భాష ఒక్కటీ లేదు.

"కుటుంబమన్నాక వేరుకాపురాలు తప్పవుగా," అంది వదిన అత్తగారు.

తర్వాత దేశం వచ్చింది. ఎన్నికల్లో నెగ్గిన నాయకుడు విదేశీ సరుకు మీద పన్ను వేసి, "మన జిప్పు మనమే పెట్టుకుందాం!" అని ఊరూరా గొంతు చించుకుంటూ కార్ఖానాకు వచ్చాడు. వదినను వేదిక మీదికి పిలిచి మైకు అందించాడు.

"చెప్పమ్మా, ఈ జిప్పు ఎవరిది?"

పని విషయంలో వదినకు అబద్ధానికి నోరు తిరగదు.

"పట్టీ ఓడలో వస్తుందండీ. పళ్ళ తీగ ఇంకో దేశానిది. మిషను మూడో దేశానిది. రన్నరు ఎక్కించే చెయ్యి నాదండీ."

మొదటి మూడు మాటలకూ జనం దిక్కులు చూశారు. నాలుగోదానికి ఈలలు వేశారు. నాయకుడు ఆవిడ చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. మర్నాటికల్లా ఆ చెయ్యి గోడగోడకూ ఎక్కింది. కింద పెద్ద అక్షరాలతో 'చెయ్యి మనది!' అని ఉంది. బొటనవేలి మీద మిషను కరిచిన మచ్చను మాత్రం చెరిపేశారు.

"నీ చెయ్యి ఇంత తెల్లగా ఎప్పుడుందే?" అంది అత్తగారు.

"దేశం కోసం తెల్లబడింది అత్తయ్యా."

పన్ను దెబ్బకు పట్టీ రేవులోనే ఆగిపోయింది. పళ్ళను గాలికి బిగించలేరు గనక కార్ఖానా మూతపడింది. ప్రతినిధి విచారం ప్రకటించాడు. నాయకుడు ఆగ్రహం ప్రకటించాడు. జీతం మాత్రం ఎవరూ ప్రకటించలేదు.

వదిన మూడు రోజులు మంచం దిగలేదు. చేతులు ఊరికే ఉండలేక దుప్పటి అంచును పైకీ కిందకీ లాగుతుండేవి. అది చూసి అత్తగారికి మొదటిసారి వెటకారం రాలేదు. తన పాత సంచీ తెచ్చి కోడలి ఒళ్ళో పడేసింది.

"దీని జిప్పు పోయి ఆరేళ్ళయింది. చూడు."

వదిన పటకారుతో రన్నరును కాస్త నొక్కి, పళ్ళకు సబ్బు రాసి లాగింది. నడిచింది. మర్నాడు పక్కింటావిడ కోటు వచ్చింది. కొత్త జిప్పులు దొరకని కాలం గనక, వారం తిరిగేసరికి వీధి వీధంతా వచ్చింది. ఇంటిముందు బెంచీ వేయాల్సి వచ్చింది.

ఒక ఉదయం ఆ బెంచీ మీద నాయకుడి కార్యదర్శి సూట్‌కేసుతో కూర్చున్నాడు. కాసేపటికి ప్రతినిధి కూడా తన సూట్‌కేసుతో వచ్చాడు. ఇద్దరూ వెళ్ళేది ఒకే సమావేశానికి, అక్కడ ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకోవడానికి.

"ముందు మనవాళ్ళది చూడమ్మా," అన్నాడు కార్యదర్శి.

"నాకు విమానం టైమైపోతోంది," అన్నాడు ప్రతినిధి.

"ఇద్దరిదీ ఒకే విమానమేగా నాయనా! నీకోసం ముందు, ఆయన కోసం వెనక ఎగురుతుందా?" అంది అత్తగారు.

వదిన తలెత్తలేదు. పాలావిడ పర్సు, డ్రైవరు చలికోటు ముగించాకే సూట్‌కేసులు అందుకుంది. రెండింటిదీ ఒకటే రోగం, పట్టినదానికన్నా ఎక్కువ కుక్కడం. ఇద్దరిచేతా చెరో రెండు చొక్కాలు బయటికి తీయించింది.

సమావేశంలో ఒప్పందం కుదిరింది. అదే పట్టీ వేరే దేశం చీటీ అంటించుకుని రెట్టింపు ధరకు దిగింది. గెలిచింది మేమేనని రెండు పక్షాలూ చాటుకున్నాయి. కార్ఖానా తెరిచి వదినకు కబురు పెట్టారు. వెళ్ళి, బల్ల మీద ఒకసారి చెయ్యి ఆనించి, రానని చెప్పింది.

"అన్నేళ్ళు జిప్పులే చూశానండీ," అంది మేనేజరుతో. "ఇప్పుడు అవి వేసుకునే మనుషులు కనబడుతున్నారు."

ఆ మాట విని అత్తగారు లోలోపల మురిసిపోయింది. పైకి మాత్రం, "ఇంకో బెంచీ చేయించు, పాపం నిలబడలేకపోతున్నారు," అంది.