రాస్తూ ఉండండి

బిలాస్‌పూర్ తెలుగువాళ్ళలో నాకు రచయిత్రి అని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో చెబితే నవ్వుతారు. ఎప్పుడో నా కథలు రెండో మూడో ఒక వారపత్రికలో అచ్చయ్యాయి. ఆ పత్రిక పోస్టులో ఇక్కడికి చేరేలోగా ఆంధ్రాలో దాన్ని చించి పొట్లాలు కట్టేసి ఉంటారు. అయినా మా తెలుగు సంఘంవాళ్ళు ఒక ఉగాదికి నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. అప్పటినుంచి ఊళ్ళో ఎవరు తెలుగులో నాలుగు ముక్కలు రాసినా ముందు నాకు చూపించడం ఆనవాయితీ అయిపోయింది.

సంఘానికి వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఆదివారం కవితల రోజు. గ్రూపులో పెట్టేముందు నాకు విడిగా పంపి, "ఒకసారి చూసి చెప్పండి మేడమ్" అంటారు. బొగ్గు కంపెనీ ఇంజనీరు పంపుతాడు, బ్యాంకు ఆఫీసరు భార్య పంపుతుంది, రైల్వేలో రిటైరైనవాళ్ళయితే సరేసరి. వీళ్ళలో సగంమంది హిందీ మీడియంలో చదువుకున్నవాళ్ళు. తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. అందుకని తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాస్తారు. వాటిని చదవడమంటే బియ్యంలో రాళ్ళు ఏరడమే, కళ్ళు లాగేస్తాయి.

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి పంక్తి చూస్తాను, చివరి పంక్తి చూస్తాను. మధ్యలోంచి ఒక మాట ఏరుకుని, "ఆ మాట ఎంత చక్కగా పడిందండీ!" అంటాను. "ముగింపు గుండెను తాకింది" అంటాను. ఆఖర్న "రాస్తూ ఉండండి" అని ముగిస్తాను. ఒక్క మాట పట్టుకుని మెచ్చుకుంటే మొత్తం చదివాననుకుంటారు. నిజానికి నాకు ఓర్పు తక్కువ. ఇంట్లో పప్పులో ఉప్పు ఎక్కువైతే మొహంమీదే చెప్పేస్తాను. కవితల దగ్గరికొచ్చేసరికి మాత్రం నా అంత మెతక మనిషి ఉండదు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా, మెచ్చుకుంటే పోయేదేముంది అనుకునేదాన్ని. పైగా వాళ్ళు తిరిగి పెట్టే దండాలు, "మీవంటి పెద్దలు..." అనే మాటలు నాకు బాగానే ఉండేవి.

అలా పంపేవాళ్ళలో గూడ్సు బండి గార్డుగా పనిచేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు. నేను బాబాయ్ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్నకీ ఆయనకీ పక్కపక్క క్వార్టర్లు, రెండు కుటుంబాలవాళ్ళూ శ్రీకాకుళం వైపునుంచి రైల్వే పనికని వచ్చినవాళ్ళే. పిల్లలు లేరు. రిటైరయ్యాక తెలిపారాలో చిన్న ఇల్లు తీసుకుని, ఆయనా పిన్నీ ఉంటున్నారు. ఆయన రాసిన మొదటి కవిత గూడ్సు బండి చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యాన్ మీద. దానికి నేనేమన్నానో నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోయినా తెలుసు, అందరికీ అనేదే అని ఉంటాను.

మిగతావాళ్ళు "రాస్తూ ఉండండి" అంటే సంతోషించి ఊరుకుంటారు. బాబాయ్ దాన్ని డ్యూటీ ఆర్డరులా తీసుకున్నాడు. ఏ ఆదివారమూ తప్పలేదు. పొద్దున్నే హిందీ అక్షరాల్లో, పంక్తికి రెండు మూడు మాటల చొప్పున కవిత వచ్చేది. నేనూ హిందీ అక్షరాల్లోనే జవాబిచ్చేదాన్ని. వెంటనే ఇచ్చేసేదాన్ని, పని ఒకటి తెమిలిపోతుందని. మరుక్షణం ఆయన దగ్గర్నుంచి దండాలతో మరో మెసేజీ వచ్చేది. అది తెరిచేదాన్ని కూడా కాదు.

సంఘం పూజలో కనబడితే పిన్ని నన్ను దులిపేసేది.

"నువ్వే ఎక్కించినావమ్మా ఆయన్ని. పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూకుంటాడు. పాలు పొంగిపోయినా సూడడు. ఏటో ఆ కవితలు! నానైతే బాగోలేదని చెప్పీసినాను."

"అలా అనకు పిన్నీ, బాబాయ్ ఎంత బాగా రాస్తారో" అనేదాన్ని పదిమందికీ వినబడేలా. బాబాయ్ మొహం వెలిగిపోయేది. పిన్నికి కవిత్వం తెలియదులే అని లోపల జాలిపడ్డాను కూడా. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు తల ఎత్తలేను.

మొన్న చలికాలంలో పిన్ని చెల్లెలి మనవడి పెళ్ళికని పలాస వెళ్ళింది. బాబాయ్‌కి బండిలో అంతదూరం కూర్చుంటే నడుం నొప్పి, అందుకని ఉండిపోయాడు. అప్పటికే ఆయన ఫోను చెడిపోయి ఉంది. అవతలివాళ్ళ మాట ఆయనకు వినబడుతుంది, ఆయన మాట అవతలికి వెళ్ళదు. "నా ఫోను చెవిటిది కాదు తల్లీ, మూగది" అని తనే రాశాడు. పిన్ని వచ్చాక బాగుచేయించుకుంటానన్నాడు. దానికి కూడా నేను "భలే చెప్పారు బాబాయ్" అని రాశాను.

ఆ ఆదివారం మా ఇంటికి భోజనానికి మనుషులు వస్తున్నారు. మేముండేది రాజ్‌కిశోర్ నగర్‌లో. మా ఆయన కూరగాయలకని సర్కండా బజారుకు వెళ్ళాడు. నేను పులిహోరకి పోపు వేయిస్తున్నాను. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో ఫోను. అప్పటికే కవితలు కొన్నిటికి జవాబులు పంపేశాను. బాబాయ్‌ది వచ్చింది. ఎప్పటిలాగే పొట్టి పొట్టి పంక్తులు. ఎప్పటిలాగే పైనా కిందా చూశాను. పల్లీలు మాడుతున్నాయేమోనని ఓ కన్ను మూకుడు మీదే ఉంది. ఇలా రాసి పంపాను:

"అద్భుతం బాబాయ్! మూసిన తలుపుతో మొదలుపెట్టడం ఎంత లోతైన ఊహ! ఆఖర్న 'బేగి' అనే మన మాట ఎంత అందంగా పడింది! ముగింపు గుండెను తాకింది. రాస్తూ ఉండండి."

కాసేపటికి ఫోను మళ్ళీ చప్పుడు చేసింది. బాబాయ్ పేరే. దండాలు పెట్టి ఉంటాడు అనుకుని ఫోను అవతల పెట్టేసి చింతపండు పులుసు దించాను. తరవాత స్నానం, చీర మార్చుకోవడం, ప్లేట్లు తుడవడం.

మనుషులు వచ్చి కూర్చున్నాక తెలియని నంబరునుంచి ఫోన్ వచ్చింది. హిందీలో ఎవరో మగాయన, కంగారుగా ఉన్నాడు. బాబాయ్ పక్కింటాయన. స్నానాలగదిలోంచి చెంబుతో బకెట్టు మీద కొడుతున్న చప్పుడు వినబడి, గోడ దూకి, తలుపు విరగ్గొట్టి చూస్తే చేతిలో ఫోనుతో బాబాయ్ తడినేల మీద పడి ఉన్నాడట. కుళాయి పారుతూనే ఉందట. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. బాబాయ్ తన ఫోను ఈయన చేతిలో పెట్టి, అందులో పైనున్న నంబరుకి చెప్పమన్నాడట.

"దీదీ, ఇందులో మీకేదో రాశారు. అక్షరాలు మావే, మాటలు అర్థం కావడం లేదు. మందుల సంగతేమో, చదువుతాను చూడండి" అన్నాడు.

చదివాడు. తెలుగు ముక్క రాని మనిషి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"తలుపు లోపట గడియ. కాలు కదలట్లేదు. నీళ్ళు పోతన్నాయి. పిలిస్తే ఎవులికీ వినబడదు. బేగి రా తల్లీ."

ఆ మనిషి నోట వింటే గానీ అవి మామూలు మాటలని నాకు తెలియలేదు.

ఆయన ఆగకుండా, "దీని కింద మీ జవాబు కూడా ఉంది" అని మొదలుపెట్టాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. ఆ మాట హిందీలోనూ ఉంది.

"అద్భుత్?" అన్నాడు. "అద్భుత్ అని రాశారా దీదీ?"

"బస్ భయ్యా, చాలు" అన్నాను. ఆటో చప్పుడు కొంతసేపు వినబడి ఫోను కట్టయింది.

నేను తెరవని రెండో మెసేజీ అప్పుడు తెరిచాను. దండాలు లేవు. "కవిత కాదు తల్లీ. పడిపోనాను" అని ఉంది.

వచ్చినవాళ్ళకు వడ్డించమని మా ఆయనకు చెప్పి స్కూటీ మీద అర్పా నది వంతెన దాటి ఆసుపత్రికి వెళ్ళాను. తొడ ఎముక విరిగింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. అంతసేపు చన్నీళ్ళలో ఉండటంవల్ల ఆయనకు వణుకు తగ్గలేదు. నన్ను చూసి దగ్గరకు రమ్మని చెయ్యి ఊపాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"ఆదివారం పొద్దున్న రాసిన వెంటనే జవాబిచ్చీది నువ్వొక్కర్తివే గదా తల్లీ. అందుకే నీకే పెట్టినాను" అన్నాడు.

పిన్ని మర్నాడు పలాసనుంచి వచ్చింది. పక్కింటాయన ద్వారా సంగతంతా అప్పటికే తెలిసినట్టుంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నా వైపు చూడకుండా కమలాపండు ఒలుస్తోంది. ఆపరేషన్ అయ్యాక బాబాయ్ నీరసంగా ఉన్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"మరి బ్రేక్ వ్యాన్ది? అది చదివినావేటి?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడంతే. 'చదివాను బాబాయ్' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎన్ని ఆదివారాల అలవాటు అది! కానీ అందులో ఏముందని అడిగితే? తల వంచుకున్నాను. ఆయనకు అర్థమైపోయింది. "అచ్ఛా" అని కళ్ళు మూసుకున్నాడు. ఎముక విరిగినప్పుడు కూడా ఆ మొహం అలా అయి ఉండదు.

పిన్ని కమలాపండు తొనలు ఆయన చేతిలో పెట్టింది.

"ఏదో అడివి టేషన్‌లో బండి ఆపీసినారంట. రొట్టి తింటా, నా వంతని ఒకటి ఉంచినాడంట. ఆ బ్రేక్ వ్యాన్ దాన్లో అలగ రాసినాడు. అబద్దం! ఏనాడూ ఉంచనేదు. రొట్టి డబ్బా కడిగేది నాను గాదేటి? అందుకే బాగోలేదన్నాను." అప్పుడు నా వైపు చూసింది. "విన్నాకే అన్నానమ్మా. అన్నీ విన్నాను."

ఆ వారమంతా కూర్చుని ఆయన పంపినవన్నీ మొదటినుంచి చదివాను. హిందీ అక్షరాల్లోంచి తెలుగును ఏరుకుంటూ, పైకి చదువుకుంటూ చదివాను. చాలావరకు బాగులేవు. కొన్నిట్లో ఒకటి రెండు పంక్తులు మాత్రం నేను ఎన్నేళ్ళు రాసినా రాయలేనివి. ఈ రెండు సంగతుల్లో ఏది చెప్పినా ఇప్పుడు నమ్మేదెవరు? బాగుందని చెప్పే నోరు ఎలాగూ పోయింది, బాగులేదని చెప్పే అర్హత కూడా పోగొట్టుకున్నాను. గ్రూపులో పనులెక్కువయ్యాయని చెప్పి కవితలు చూడటం మానేశాను. "అయ్యో, మీ ప్రోత్సాహం లేకపోతే ఎలా మేడమ్" అని అందరూ రాశారు.

బాబాయ్ మళ్ళీ కవిత పంపలేదు. మెసేజీలు మాత్రం పెడుతూనే ఉన్నాడు. ప్రతిదానికీ పైన ఒక పంక్తి ఉంటుంది. "కవిత కాదు తల్లీ. మీ పిన్ని కాకరకాయ కారం చేసినాది, సీసా తెచ్చుకో." "కవిత కాదు తల్లీ. ఈవేళ కుట్లు విప్పినారు." మొదట్లో దెప్పిపొడుస్తున్నాడనుకున్నాను. ఒకరోజు కారం సీసాకని వెళ్ళినప్పుడు ఉండబట్టలేక, "అలా ఎందుకు రాస్తున్నారు బాబాయ్?" అని అడిగేశాను.

"జెండా ముందే చూపించీయాల తల్లీ. లేపోతే డ్రైవర్‌కి కష్టం గదా" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నా పని తేలిక చేస్తున్నాననుకుంటున్నాడు.

నిన్న ఆదివారం. పొద్దున్నే ఫోను చప్పుడు చేసింది. పొయ్యి ఆపి, కూర్చుని, అక్షరం వదలకుండా చదివాను.

"కవిత కాదు తల్లీ. చేతికర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచినాను. ముందు నీకే చెబుదామనిపించింది."

సంతోషం ఆపుకోలేక వెంటనే "చాలా బాగుంది బాబాయ్" అని కొట్టాను. పంపబోయి ఆ మాట వైపు చూశాను. ఆయనకు ఇన్నాళ్ళూ పంపింది ఇలాంటి మాటలే. ఈసారి అది నిజం. నిజమని ఆయనకు ఎలా తెలుస్తుంది?

చెరిపేసి, చెప్పులేసుకుని తెలిపారా బయల్దేరాను.