ఎవరూ కూర్చోని పంక్తి

మా పొలం గట్టు పక్కనే నిండుగా నీళ్ళున్న బావి ఒకటి ఉండేది. దాని నీళ్ళు మేము తాగకూడదు. మా ఇంటి ఎద్దులూ తాగకూడదు. వానలు పడని ఆ ఏడు ఊరంతా ఆ బావిలో తోడుకుంటుంటే, మా అవ్వ మాత్రం కడవ చంకనేసుకుని ఎండిన ఏటిదాకా నడిచి, ఇసుకలో చెలమ తవ్వి, ఊరేదాకా కూర్చుని నీళ్ళు తెచ్చేది.

ఆ బావీ, దాని చుట్టూ ఉన్న నల్లరేగడీ ఒకప్పుడు మావే. వాంతిభేదితో పోవలసిన కొడుకు బతికి బట్టకట్టాడని మా తాత ఆ భూమిని బాటమీది సత్రానికి ధారపోశాడు. రామేశ్వరం వెళ్ళే బాటసారులకు రోజూ నూరు విస్తళ్ళు వేయాలని, సూర్యచంద్రులున్నంత కాలం ఆ నేలకు పన్ను ఉండదని గట్టున రాయి నాటారు. ఇచ్చినదాన్ని తిరిగి అనుభవించిన వంశం పురుగులై పుడుతుందని దాని అడుగున చెక్కారు. ధారపోసిన నేలలో పండిన గింజా, ఊరిన నీటిచుక్కా ఇచ్చినవాళ్ళకు విషంతో సమానమని మావాళ్ళ నమ్మకం. సత్రం గడప కూడా మేము దాటకూడదు.

అవ్వ పీలమేడు అనే ఊరి వైపునుంచి మదురైకి దక్షిణాన ఉన్న మా ఊరికి కోడలై వచ్చింది. ధారపోసిన రోజున నీళ్ళచెంబు తాత చేతికి అందించింది ఆమే. ఆనాటి సాక్షుల్లో ఆమె ఒక్కతే మిగిలింది.

కంపెనీ పోయి రాణి ఏలుబడి వచ్చిన కొత్తలో నేను మదురైలో ఒక వర్తకుడి దగ్గర పనికి కుదిరాను. బడి మొహం పెద్దగా చూడలేదు. ఆ పట్నంలో పదిమంది కలిసి పెట్టిన పుస్తకశాల ఒకటి ఉండేది. సాయంత్రాలు అక్కడే గడిపి అరవం, తెలుగు, ఆపైన ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. కొన్ని పుస్తకాలు అడుగున పెట్టి ఉంటే నేనే మొదట దుమ్ము దులిపాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఈనాటికీ సిగ్గు లేదు.

అలా చదివిన ఒక చరిత్ర పుస్తకంలోనే తెలిసింది, దొరల దేశంలోనూ జనం పుణ్యానికని మఠాలకు భూములు ఇచ్చుకుంటూ పోయారని. మఠం చావదు, అమ్మదు, పన్ను కట్టదు. ఆ భారమంతా పక్కవాడి చేనుమీద పడేది. అలాంటి నేలను వాళ్ళు చచ్చిన చేతిలోని భూమి అంటారట. చదవగానే నాకు మా గట్టుమీది రాయి కళ్ళముందు నిలిచింది. మా సత్రానికి అప్పటికి ఎన్ని ఊళ్ళలో మాన్యాలున్నాయో దాని వ్యవహారాలు చూసే పారుపత్యగాడికే తెలియదు. మాకు మిగిలిన మెట్టచేను మాత్రం పండినా ఎండినా పన్ను కట్టవలసిందే.

ఊరికి వచ్చినప్పుడు ఇదంతా అవ్వకు చెప్పాను. పన్నులేని ఇనాము భూముల విచారణకు అధికారి వస్తున్నాడనీ, ధర్మం జరగని చోట భూమికి పన్ను వేస్తారనీ, సాక్షిగా ఆమెనే అడుగుతారనీ కూడా చెప్పాను.

"చచ్చిన చెయ్యా?" అంది అవ్వ, చెలమనీళ్ళు గుడ్డలో వడపోస్తూ. "పీనిగ చెయ్యి బిగుసుకుంటాది గదరా. ఎట్ల ఇడిపించేది?"

"పన్ను వేస్తే విడుస్తుంది అవ్వా."

ఆమె గుడ్డ పిండి పక్కన పెట్టింది. "తీర్వ కట్టే నేల అందరి నేల మాదిరే. అది దర్మం గాదు. అప్పుడు ఆ నీళ్ళు తాగితే పావం రాదు," అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఊళ్ళో పెద్దల్ని అడిగితే వాళ్ళూ అదే అన్నారు.

కొట్టంలో ఎర్ర ఎద్దు అప్పటికే లేవలేకుండా ఉంది.

"సత్రంలో అన్నం ఏస్తుండారా లేదా? దినమూ మద్దేన్నం గంట వినబడతానే ఉండాది. చూసి రా. గడప దాటబాక. చూడకుండా నేను అబద్దం చెప్పను," అంది.

కంపెనీవాళ్ళు కొత్త బాట వేశాక పాత బాటలో ఎవరూ నడవడం లేదు. తుమ్మలు రెండువైపులనుంచీ కమ్ముకున్నాయి. నేను చేరేసరికి సత్రం గంట మోగుతోంది. వాకిట్లో నిలబడి లోపలికి చూశాను. గోడ పొడుగునా విస్తళ్ళు, నీళ్ళు చల్లి, వేడన్నం వడ్డించి, పప్పు పోసి ఉన్నాయి. పంక్తిలో ఒక్క మనిషి లేడు.

వంటవాడు బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, తిన్నెమీద నా పక్కన కూర్చుని ఆకూవక్కా తీశాడు.

"ఎవరికయ్యా ఇదంతా?" అన్నాను.

"వచ్చేటోళ్ళకు."

"ఎవరూ లేరే?"

"రాతిలో నూరు ఆకులని ఉండాది. నూరు ఏస్తుండాము. గంట కొట్టల్లని ఉండాది. కొడతాము."

"ఊళ్ళో జనం ఆకలితో ఉన్నారు గదా, వాళ్ళనన్నా పిలవరాదా?"

"బాటసారులని ఉండాది నైనా. ఊరోళ్ళని లేదు." వక్క కొరికి నావైపు చూసి నవ్వాడు. "పిలిచినా రారులే. ఒగడు వచ్చినాడు పోయినేడు. పక్కన ఎవురో అన్నం కలిపే సద్దు వినబడిందని చెయ్యి కడక్కుండానే పరిగెత్తినాడు!"

నేనూ నవ్వాను. నవ్వు ఆగాక లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. ఈగల రొద కూడా లేదు. వేడన్నం ఉన్నచోట ఈగలు లేకపోవడం నేను మరెక్కడా చూడలేదు.

కొంతసేపటికి వంటవాడు లేచి తలుపు తీశాడు. విస్తళ్ళన్నీ మడిచి ఉన్నాయి.

మనం తిన్నాక ఆకును మనవైపుకు మడుస్తాం. చావింటి భోజనంలో మాత్రం అవతలికి మడుస్తాం. ఆ విస్తళ్ళన్నీ అవతలికే మడిచి ఉన్నాయి. వంటవాడు ఒకటి విప్పి చూపించాడు. అన్నం ఒక్క మెతుకు తగ్గలేదు. కాని నిన్నటి అన్నంలా చల్లబడి ఉంది. సత్రం వెనక గోతిలో పారేయడానికి అతను వాటిని గంపకెత్తుతుంటే నేను వెనుదిరిగాను. వెనకవైపు వేరే తలుపుందేమోనని సత్రం చుట్టూ తిరిగి చూశాను. లేదు.

అధికారి డేరా మా ఊరి చింతతోపులో వేశారు. ఆయన గోదావరి వైపు మనిషి. ఆయన మాట విని అవ్వ నా చెవిలో, "ఈ దొరది ఏం తెలుగురా, పురాణం చదివినట్లుండాది," అంది.

"అమ్మా, సత్రంలో అన్నదానం సక్రమంగా జరుగుతున్నదా?" అని ఆయన అడిగాడు.

"మేము ఇచ్చినోళ్ళము సామీ, గడప దాటము. నా మనవడు చూసొచ్చినాడు. వాడు చెప్తాడు."

విస్తళ్ళు వేస్తున్నారనీ, తినడానికి మనిషి లేడనీ, అన్నం గోతిలో పోస్తున్నారనీ చెప్పాను. పారుపత్యగాడు లేచి, "రాతిలో ఉన్నదంతా జరుపుతున్నాం. బాట మారితే మా తప్పా?" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు.

"ఆకులు ఎట్ల మడిచినారో అదీ చెప్పరా," అంది అవ్వ.

చెప్పాను. రాస్తున్న అధికారి చేయి ఆగింది. డేరా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. కాసేపటికి మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

ఆ భూమికి పన్ను వేశారు. తప్పెట కొట్టి చాటారు. పుణ్యానికి ఇచ్చినదానిమీద పన్నేమిటని తిట్టినవాళ్ళు ఉన్నారు. ఆ తర్వాత ఎంతో చదివాను గాని నా అభిప్రాయం మారలేదు. దానం ఎవరి ఆకలీ తీర్చకుండా చచ్చిన చేతిలో పేరుకుంటున్నప్పుడు, దాని భారాన్ని పక్కచేనివాడు మోయడం ధర్మం కాదు. అయితే ఆ విస్తళ్ళు మడిచిందెవరన్నది నేను చదివినవాటిలో ఎక్కడా దొరకలేదు.

చాటింపు విన్న పొద్దునే నేను ఆ బావిలో చేద వేశాను. ఎర్ర ఎద్దు పడుకునే కుండెడు తాగింది. అవ్వకు చెంబు నింపి ఇచ్చాను. ఆమె చెంబు పట్టుకుని తిన్నెమీద కూర్చుంది, తాగలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. గంట మోగలేదు. పన్ను కట్టాలి గనుక ఇక వంట లేదని సత్రంవాళ్ళు పొయ్యి ఆర్పేశారట.

"గంట కొట్టలేదే," అంది అవ్వ. "ఆ ఆకులు మడిచేటోళ్ళు యాడికి పోతారు ఇప్పుడు?"

ఆమె చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళి, ఇంట్లో ఉన్న గుప్పెడు కొర్రన్నం తెచ్చి, తిన్నె చివర విస్తరి వేసి వడ్డించింది. నీళ్ళు చల్లింది. "బాట పోయేటోళ్ళు రండి," అని తుమ్మలవైపు చూసి పిలిచింది. చెంబు చేతికి తీసుకుని, నన్ను లోపలికి లాగి తలుపు దగ్గరగా వేసింది.

ఇంటిలోపలి చీకట్లో ఆమె ఊపిరి, చెంబులో నీళ్ళు కదిలే చప్పుడు తప్ప మరేమీ వినలేదు నేను. వినకూడదనే గట్టిగా అనుకున్నాను.

తలుపు తీసింది ఆమే. విస్తరి మడిచి ఉంది. ఆమె వంగి చాలాసేపు చూసింది. తినేవాడి వైపుకు మడిచి ఉంది, పెళ్ళి భోజనంలో లాగా.

అవ్వ చెంబెత్తి గటగటా తాగింది. గడ్డం తుడుచుకుని మిగిలిన నీళ్ళు నాకిచ్చింది.

"తాగరా నైనా," అంది. "చచ్చినోడు చెయ్యి ఇడిచినాడు."