చిన్నమ్మకు కుర్చీ

కొన్నేళ్ల కిందటి మా టీమ్ లీడ్ ప్రతి మాట చివరా ‘అండి’ తగిలించేది. ఆమెది విజయవాడ వైపని మేమంతా అనుకునేవాళ్లం. ఆమె ఎప్పుడూ కాదనలేదు.

గచ్చిబౌలి ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నాలు ఆమెతో సహా కొందరం కలిసి కథలు చదువుకునేవాళ్లం. ఒకరోజు అమెరికా నల్లజాతి రచయిత్రి కథొకటి చదివాం. ఒంటిరంగు తెల్లగా ఉన్న నల్లజాతి అమ్మాయి తెల్లవాళ్లలో కలిసిపోయి, వీధిలో కన్నతల్లి ఎదురైనా ఎరగనట్టు వెళ్లిపోతుంది.

“అంతగా దాచడం ఎందుకు?” అన్నాను.

అప్పుడే హౌస్‌కీపింగ్ ఆమె టీ తెచ్చింది. లీడ్ లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపింది.

“చిన్నమ్మా, జర కూసో.” మా వైపు తిరిగి, “మా అమ్మ చెల్లెలు. మాది సిద్దిపేట దిక్కు” అంది.

చిన్నమ్మ కూర్చుంటూనే నవ్వింది. “మూడేండ్ల సంది ఇది నన్ను ‘అండి’ అంటుంటే నవ్వు ఆపుకోలేక సచ్చిన.”

మేమూ నవ్వేశాం. లీడ్ కళ్లు తుడుచుకుని, ఆ కథంతా ఆమెకు చెప్పింది.

“గా పిల్ల మల్ల తల్లి దగ్గరికి పోయిందా?”

“పోలే, చిన్నమ్మా.”

“నువ్వొచ్చినవ్ గద బిడ్డా” అంటూ చిన్నమ్మ ఆమె చేతికి టీ అందించింది.